అంగిట్లో బొటనవేలు

ఖమ్మం నుంచి వచ్చిన మధులత చెప్పులైనా విప్పకుండా పెరటి గుమ్మంలో నిలబడిపోయిన చోట పోయిన వారం కథ ఆగింది. ఆమె చేతిలో ఒక అట్టపెట్టె. అందులో ఆరేళ్ల కూతురు భాను పై దవడ అచ్చు. పిల్ల పగలంతా నోరు తెరుచుకునే ఉంటుంది. ముందు పళ్లు పైవీ కిందవీ తగలవు. పడుకుంటే గురక, బళ్లో కునికిపాట్లు. పళ్ల డాక్టరు ఉషారాణి సుద్దతో అచ్చు తీసి, "అంగిలి బాగా సన్నగా, మరీ ఎత్తుగా ఉందమ్మా" అంది. ముక్కుకి కూడా ఎక్స్‌రే తీయించింది, ఆ రిపోర్టు ఇంకా రావాలి. ఆ ఎత్తు పిల్లకి ఎక్కడినుంచి వచ్చిందా అని దారంతా కుమిలిపోతూ ఇల్లు చేరిన మధులతకి పెరట్లో అత్తగారు సోమమ్మ కనిపించింది. రెండు నెలల చంటివాణ్ణి చాచిన కాళ్ల మీద పడుకోబెట్టుకుని, ఆముదం రాసిన బొటనవేలు వాడి నోట్లో పెట్టి, అంగిలిని పైకి ఎత్తుతోంది.

"ఆపండి అత్తమ్మా!"

సోమమ్మ తల ఎత్తలేదు. పక్కనే మూడు రాళ్ల పొయ్యి మీద నీళ్ల కాగు పొగలు కక్కుతోంది. చీర మోకాళ్ల దాకా లాక్కుని పీట మీద కూర్చున్న ఆ మనిషి, కాలనీలో ఎవరింట పురుడు వచ్చినా ఇలాగే కూర్చుంటుంది. నీళ్లు పోసే సోమమ్మ అంటే బొగ్గు గనుల కాలనీ మొత్తానికీ తెలుసు.

"ఆగు పిల్లా, ఇంకొక్కసారి. అంగిలి ఎత్తకుంటే తాగిన పాలు ముక్కుల నుంచి వస్తయ్."

"ఆపమంటున్నానా!"

మధులత రెండు అంగల్లో వెళ్లి పిల్లవాణ్ణి లాక్కుంది. నలుగు పిండి, ఆముదం, నీళ్లు అన్నీ ఆమె ప్రయాణం చీరకి అంటుకున్నాయి. చంటివాడు బిత్తరపోయి ఒక్క క్షణం ఆగి, తర్వాత ఏడుపు అందుకున్నాడు.

"నీకేమైన దయ్యం పట్టిందా?" సోమమ్మ ఖాళీ కాళ్ల వంక చూసుకుంది. "తల మీద సబ్బు గూడ కడగలే. కండ్లల్ల పడతది."

పక్క క్వార్టరు సీతారావమ్మ పిట్టగోడ మీదుగా తొంగి చూసింది. ఆమె కూతురు పది రోజుల పిల్లతో పుట్టింటికి వచ్చి ఉంది. ఇక్కడ అవగానే సోమమ్మను తీసుకుపోదామని చాలాసేపటినుంచి ఎదురుచూస్తోంది.

"ఏమైంది మధూ? ఖమ్మంల ఏమన్నరు?"

మధులత చంటివాణ్ణి భుజానికి ఆనించుకుని, ఒంటి చేత్తో పెట్టె మూత తీసి, ఆ అచ్చుని బట్టలుతికే బండ మీద పెట్టింది.

"ఇది మీ మనవరాలి నోరు. చూడండి."

"నోరేంది, సుద్దముక్క లెక్క ఉంది?"

"పై పళ్లు, పైన అంగిలి. మామూలు పిల్లలకి గుండ్రంగా, వెడల్పుగా ఉంటదంట. దీన్ని చూడండి. కోడిగుడ్డు కొసలా ఎట్లా ఉందో. పైకి ఎంత గొయ్యి ఉందో. ఎవరో లోపల్నుంచి పనిగట్టుకుని తోస్తే తప్ప ఇట్లా అవుతుందా?"

సోమమ్మకి మాట అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వింది.

"ఓసి నీ తెలివి! నేను ఎత్తితే అయిందా ఇది? ఈ కాలనీల సగం మందికి నేనే నీళ్లు పోసిన. నీ మొగనికి గూడ నేనే పోసిన. వాని అంగిట్ల ఏం గొయ్యి పడలేగా?"

మంచం మీద బీడీ తాగుతున్న మామగారు మంగయ్య అందుకున్నాడు. "చందర్‌గాని నోటికి ఏం రోగం? తెరిస్తే మూయడు. తల్లి పోలికే."

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకి ఇంటిల్లిపాదీ నవ్వేవారు. మధులత ముఖం చూసి మంగయ్య బీడీ నలిపేశాడు.

"నవ్వులాట కాదు మామయ్యా. పిల్ల రాత్రిళ్లు ఎట్లా పడుకుంటుందో మీకూ వినపడుతుంది కదా? గురక పెట్టి పెట్టి ఒక్కసారి ఆగిపోతుంది. మళ్లీ ఎప్పుడు అందుకుంటుందా అని నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటాను." ఆమె సోమమ్మ వైపు తిరిగింది. "అత్తమ్మా, మీరు కాదంటున్నారు కదా. అయితే మీ వేలు దాంట్లో పెట్టి చూడండి."

"పెడితే?"

"పెట్టండి."

వేంసూరు నుంచి కోడలుగా వచ్చిన ఈ పిల్ల ఇంతవరకూ అత్త మాటకి ఎదురు చెప్పింది లేదు. సోమమ్మ కాసేపు ఆమెనే చూసింది. తర్వాత చెయ్యి కొంగుకి తుడుచుకుని, అచ్చుని ఎడమ అరచేతిలోకి తీసుకుని, కుడి బొటనవేలు ఆ గొయ్యిలో పెట్టింది.

వేలు పట్టింది. అటూ ఇటూ పళ్ల వరస వేలిని ఆనుకుంది. వేలి కొస గొయ్యి చివర తగిలింది. వేలి కోసమే చేసి పెట్టినట్టు ఉంది.

 కాగులో నీళ్లు కుతకుతమంటున్నాయి.

సోమమ్మ వేలు తీసింది. మళ్లీ పెట్టింది. మళ్లీ తీసింది. తుడుచుకున్నా వేలి గీతల్లో ఇంకా ఆముదం ఉందేమో, తెల్లటి సుద్ద మీద పసుప్పచ్చని మరక మిగిలింది. బొటనవేలంత మరక.

పిట్టగోడ అవతల సీతారావమ్మ గొంతు సవరించుకుంది.

"సోమక్కా... మా పిల్లకు పొద్దుగాల నుంచి ఒళ్లు వెచ్చగ ఉన్నట్టుంది. ఇయ్యాల నీళ్లు వద్దులే. రేపు సూద్దాం."

గోడ మీదనుంచి ఆమె తల దిగిపోయింది.

*

రేపు రాలేదు. ఆ తర్వాత కూడా సీతారావమ్మ పిలవలేదు. కింది వరస క్వార్టర్లలో ఒక బాలింతకి, వాళ్ల పిన్ని వచ్చి నీళ్లు పోసిపోయిందని మంగయ్య చెప్పాడు. సోమమ్మ విననట్టు బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది.

చంటివాణ్ణి ఆమె ముట్టుకోవడం మానేసింది. ఉయ్యాల్లో వాడు ఏడిస్తే తాడు మాత్రం లాగుతుంది, ఎత్తుకోదు. మధులతే వాడికి పైపైన నీళ్లు పోసి తుడుస్తోంది. ఆమెకి చేతకాదు. మెడ దగ్గర పిండి అలాగే ఉండిపోయి ఎర్రగా పొక్కింది. సోమమ్మ అది చూసింది, మధులత ఆమె చూడడం చూసింది.

మధ్యాహ్నం అన్నం దగ్గర భాను అడిగింది.

"నాయనమ్మా, నీ వేలికి దెబ్బ తాకిందా?"

అప్పుడు చూశారు అందరూ. సోమమ్మ నాలుగు వేళ్లతోనే పప్పన్నం కలుపుతోంది. బొటనవేలు అరచేతికి దూరంగా పక్కకి తీసి పట్టుకుంది. ముద్ద నిలవక కంచంలోనే జారిపోతోంది.

"ఏం తాకలే బిడ్డా. నువ్వు తిను."

చందర్ మొదటి షిఫ్టు నుంచి వచ్చి తలకి ఇంకా బొగ్గు నలుపుతోనే కూర్చున్నాడు. అతను తల్లి వంక చూసి, భార్య వంక చూసి, "నాకు రెండు దిక్కులా నోరు లేదు" అన్నట్టు కంచంలోకి వంగిపోయాడు.

మధులతకి జాలి వేయకపోలేదు. కానీ భాను పక్కనే ఉంది. తింటున్నంతసేపూ పిల్ల నమలడం ఆపి, నోరు తెరిచి గాలి పీల్చి, మళ్లీ నమలడం. కింది పెదవి వేలాడుతూ ఉంటుంది. కళ్ల కింద నల్లటి చారలు. ఆ ముఖం చూసినప్పుడల్లా మధులతకి జాలి కాస్తా కోపంగా మారేది.

"నోరు మూసుకో భానూ."

డాక్టరు మొదటిసారి చెప్పిన మాటల్లో అదొక్కటే ఆమెకి గట్టిగా గుర్తుంది. పిల్లలు నోరు మూసుకుని, నాలుక పైకి అంగిలికి ఆనించి ఉంచితే ఎముక వెడల్పుగా ఎదుగుతుంది అని. వచ్చిన రోజునుంచీ అదే పట్టుకుంది. పుస్తకం తీస్తే "నోరు మూసుకో." టీవీ చూస్తుంటే "నోరు." వాకిట్లో ఆడుకుంటుంటే లోపల్నుంచే కేక.

భాను మూసేది. బుగ్గలు పొంగేవి, కళ్లు పెద్దవయ్యేవి, ముఖం కందిపోయేది. కాసేపటికే పెదవులు విచ్చుకుని పెద్దగా గాలి పీల్చుకునేది.

"అమ్మా, నోరు మూస్తే గాలి అయిపోతంది."

"అయిపోదు. అందరికీ ముక్కు లేదా? నీకు మాత్రం అయిపోతుందా? మొండితనం."

ఆ మాటలు జరుగుతున్నప్పుడు సోమమ్మ గడపలో కూర్చుని ఉంది. లోపలికి రాకుండా, బయటికి పోకుండా.

"గట్ల నోరు మూసుకుంటే..." ఆమె నెమ్మదిగా అడిగింది. "అంగిలి మల్ల వెడల్పయితదా?"

మధులత బట్టలు మడతపెడుతూ తల ఎత్తకుండానే జవాబిచ్చింది. "అవుతుందంట. చిన్నతనం కాబట్టి ఎముక మాట వింటుందంట. నాలుక పైకి ఆని ఉండాలి, పెదాలు మూసి ఉండాలి."

"నిద్రల గూడనా?"

"నిద్రలోనే ముఖ్యం. పగలు మనం చెప్తాం, రాత్రి ఎవరు చెప్తారు?"

సోమమ్మ తల ఊపింది. మధులత అంతటితో ఆపి ఉంటే ఎలా ఉండేదో. కానీ మడతపెట్టిన గౌను దులుపుతూ ఇంకో మాట అంది.

"చెయ్యాల్సింది చేసేశారు. సరిచేసుకోవాలంటే ఇంక అదే దారి."

"అవ్" అంది సోమమ్మ. అంతే. లేచి పెరట్లోకి పోయింది.

*

ఎక్స్‌రే రిపోర్టు వచ్చిందని ఖమ్మం నుంచి ఫోన్ వచ్చిన రోజున భానుకి జలుబు. రాత్రంతా ముక్కు కట్టేసి నిద్రపోలేదు. పొద్దున్నే మధులత జలుబు మందు పట్టింది. దానికి పిల్ల మగతగా జోగుతోంది. బస్సులో తిప్పడం ఎందుకని ఇంట్లో ఉంచేద్దామనుకుంది. పాలు తాగే చంటివాణ్ణి మాత్రం వదలడానికి లేదు. చందర్ గనిలో ఉన్నాడు. మంగయ్య పింఛను కోసం బతికున్నట్టు వేలిముద్ర వేసి రావడానికి బ్యాంకుకి బయల్దేరాడు. నవంబరు కదా, గనుల్లో చేసి దిగిన ముసలివాళ్లంతా అక్కడే ఉంటారు, సాయంత్రానికి గానీ రాడు.

"పిల్లను నా దగ్గర ఉంచుతవా?" సోమమ్మ గుమ్మంలోనే అడిగింది.

"ఉంచక ఏం చేస్తాను?" చెప్పులు వేసుకుంటూ మధులత అంది. "నోట్లో మాత్రం వేలు పెట్టకండి."

సోమమ్మ కుడిచెయ్యి కొంగు కిందికి వెళ్లిపోయింది.

బస్సులో ఆడవాళ్లకి ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టు తీసుకుని కిటికీ పక్కన కూర్చున్నాక మధులతకి ఆ చెయ్యి గుర్తొచ్చింది. అనకుండా ఉండాల్సింది. కానీ పిల్ల గొంతులో ఆగిపోయే ఊపిరి కూడా గుర్తొచ్చింది. అడవి వెనక్కి పోయి, చండ్రుగొండ కూడలి దాటి, పత్తి చేలు వచ్చేదాకా ఈ రెండే ఆమె లోపల కొట్టుకుంటూ ఉన్నాయి. ఒళ్లో పెట్టెలో అచ్చు. డాక్టరు తెమ్మనలేదు. అయినా ఆ మరక చూపించి, ఒక్కసారి ఆవిడ నోటితో చెప్పించుకోవాలని తెచ్చుకుంది.

ఉషారాణి అచ్చుని చేతిలో తిప్పింది. "ఇదేంటమ్మా, నూనె మరక?"

మధులత చెప్పింది. రోజూ స్నానం దగ్గర అత్తగారు అంగిలి ఎత్తేదని, ఇప్పుడు చిన్నవాడికీ చేస్తుంటే ఆపానని, ఆమె వేలు ఇందులో సరిగ్గా పట్టిందని. చెప్తూ చెప్తూ, "వేలి గుర్తే కదా మేడం ఇది?" అని ఆగింది.

డాక్టరు గ్లవ్ తీసేసి తన బొటనవేలు ఆ గొయ్యిలో పెట్టింది.

పట్టింది.

"మీదీ పెట్టండి."

మధులత పెట్టింది. ఆమె వేలూ పట్టింది. అటూ ఇటూ పళ్ల వరస చల్లగా తగిలింది.

"సన్నటి సందు ఏదైనా మన వేలికి సరిపోయినట్టే ఉంటుందమ్మా. మీ అత్తగారి వేలు స్నానం దగ్గర ఎంతసేపు ఉంటుంది? రెండు నిమిషాలు? అదీ కొన్ని నెలలు. దానితో ఎముక ఇలా మారదు. అలా అని వేలు పెట్టడం మంచిదని కాదు. గోరు గీసుకుంటుంది, చేతుల మురికి నోట్లోకి పోతుంది. ఆవిడకి మానమని చెప్పండి, మెల్లగా చెప్పండి. కానీ ఇది మాత్రం ఆవిడ చేసింది కాదు."

మధులతకి తన వేలు ఇంకా ఆ గొయ్యిలోనే ఉందని తెలియలేదు.

"మరి ఎందుకిట్లా..."

"చిన్న పిల్లల ఎముక గట్టిగా తోస్తే వినదు. మెత్తగా, ఎప్పుడూ ఆనుకుని ఉండేదాని మాట వింటుంది. నోరు మూసి ఉన్నప్పుడు నాలుక పైన అంగిలికి ఆని ఉంటుంది. బయటినుంచి బుగ్గలు నొక్కుతుంటే లోపలినుంచి నాలుక కాపు కాస్తుంది. నోరు తెరిచి ఉంటే నాలుక కిందికి జారిపోతుంది. ఇంక బుగ్గలదే రాజ్యం."

గని కప్పు కింద దుంగలు నిలబెట్టి ఆపుతారని చందర్ చెప్పే మాట మధులతకి మెదిలింది. దుంగ తీస్తే కప్పు దిగుతుందంటాడు. దుంగ ఎందుకు జారిందో ఆమె ఇంతవరకూ అడగనే లేదు.

డాక్టరు ఎక్స్‌రే ఫిల్మ్‌ని వెలుగు డబ్బాకి తగిలించింది. భాను తల పక్కనుంచి. బుజ్జి ముక్కు, చిన్న గడ్డం. ముక్కు వెనకాల ఒకచోట పెన్ను పెట్టి చూపించింది.

"ఈ నల్లగా కనపడేది గాలి పోయే దారి. ఇంత వెడల్పు ఉండాలి. మీ పాపకి చూడండి, దారమంత ఉంది. ఇక్కడ కండ పెరిగిపోయి మూసేసింది. పిల్లల్లో ఇది మామూలే. తీసేయొచ్చు. ముక్కు డాక్టరు వచ్చే వారం చేద్దామంటున్నారు, మత్తు ఇస్తారు కాబట్టి జలుబు పూర్తిగా తగ్గాలి. ఆ తర్వాత అంగిలిని మెల్లమెల్లగా వెడల్పు చేయడానికి నేను ప్లేటు పెడతాను. ఆరేళ్లే కదా, టైముకే వచ్చారు."

ఆపరేషన్, మత్తు. ఈ రెండు మాటలకీ మధులత చంటివాణ్ణి దగ్గరికి హత్తుకుంది. అయినా "టైముకే వచ్చారు" అన్నది పట్టుకుని ఊపిరి తీసుకుంది.

"అప్పటిదాకా నేను నోరు మూయిస్తూనే ఉంటాను మేడం. మీరు చెప్పిన రోజునుంచీ ఒకటే వెంటబడుతున్నాను. మూస్తే గాలి అయిపోతుందని ఏడుస్తుంది, అయినా వదలడం లేదు."

డాక్టరు చేతిలో పెన్ను ఆగిపోయింది.

"మూయిస్తున్నారా?"

"మీరే అన్నారు కదా..."

"ముక్కు బాగయ్యాక నేర్పించాలని చెప్పానమ్మా. ఎక్స్‌రే చూడకముందు మొదలుపెట్టమని కాదు." ఆవిడ కుర్చీ ముందుకి లాక్కుంది. "పాప అబద్ధం చెప్పడం లేదు. ఆ పిల్లకి ఇప్పుడు నోరే ముక్కు. అది మొండితనం కాదు, బతకడం. మూయించకండి. ఫోన్లో వీడియోలు చూసి కొందరు నిద్రలో పిల్లల పెదాలకి టేపులు అంటిస్తున్నారు, అట్లాంటివి అసలే వద్దు. జలుబుతో ఉన్నప్పుడు మరీ ప్రమాదం. మగత తెచ్చే మందులేమైనా పడితే తొందరగా లేవను కూడా లేవదు."

మధులత తల ఊపింది. చెవుల్లో భాను గొంతు వినపడుతోంది. గాలి అయిపోతంది అమ్మా. తనే అన్నది, అయిపోదు అని.

*

తిరుగు బస్సులో ఇంటికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. సోమమ్మ ఫోన్ పెరట్లో ఒకచోట, ఆమె ఒకచోట ఉంటుంది, కొత్తేం కాదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు.

చంటివాడు పాలు తాగి ఒళ్లో నిద్రపోయాడు. వాడి మెడ మీద ఎర్రటి పొక్కులు. ఇవాళ సాయంత్రం వీణ్ణి తీసుకుపోయి అత్తమ్మ కాళ్ల మీద పడుకోబెట్టాలి అనుకుంది. ముందు ఏమని మొదలుపెట్టాలి? "నాదే పొరపాటు అత్తమ్మా" అంటే సరిపోతుందా? ఆమె నవ్వేసి "ఓసి నీ తెలివి" అంటే బావుండు. అనదేమో. సీతారావమ్మ వినేట్టుగా గోడ దగ్గరే చెప్పాలి. గోడ దగ్గర పోయిన పరువు గోడ దగ్గరే ఇవ్వాలి.

ఆటో దిగి సందులోకి మళ్లేసరికి ఎండ ఇంకా ఉంది. సందు మొదట్లో ఖాళీ జాగాలో ఆరబెట్టిన మిరపకాయలు ఎత్తుతున్న సీతారావమ్మ ఆమెను చూసి చేట కింద పెట్టింది.

"వచ్చినవా మధూ? ఏమన్నరు?"

"చెప్తాను చిన్నత్తమ్మా. మా అత్తమ్మ తప్పేం లేదంట. అసలు సంబంధమే లేదంట." అందరికంటే ముందు ఈమెతో ఆ మాట అనేసినందుకు మధులతకి గుండె బరువు కొంచెం దిగింది. "ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఇంట్లోనే ఉందా?"

"ఉన్నది, తలుపేసుకుంది. నేను పిలిస్తే, సప్పుడు చేయకు, పిల్ల పండుకుంది అన్నది లోపల్నుంచే." సీతారావమ్మ కొంచెం సిగ్గుపడ్డట్టు నవ్వింది. "నాతోటి మాట్లాడుతదో లేదో అనుకున్న. గానీ పగటీలి, అన్నం యాళ్లకు, ఆమెనే వచ్చింది మా ఇంటికి. మెత్తటి పాత చీర ఉంటే అంచు పక్క ఒక పట్టీ చింపి ఇయ్యమన్నది. ఇచ్చిన. చిన్నోనికి గోచిగుడ్డకేమో అనుకున్న."

"ఆఁ, అయ్యుంటుంది" అంటూ మధులత నాలుగడుగులు వేసింది.

అప్పుడు తట్టింది. చిన్నవాడు పొద్దుటినుంచీ తన భుజం మీదే ఉన్నాడు.

నిద్రల గూడనా?

తమ క్వార్టరు ఇక్కడికి ఆరిళ్ల దూరం. భాను పడుకుంటే గురక గుమ్మం బయటికి వినపడుతుంది. పాలు పోసేవాడు కూడా నవ్వుతుంటాడు, ఇంట్లో ముసలాయన గురకనుకున్నా అమ్మా అని. ఆ గురకంటే మధులతకి ఎంత భయమో, ఎంత చీదరో. ఇప్పుడు ఆ గురక కోసం చెవులు పెట్టుకుని పరుగెత్తింది.

గుమ్మం దగ్గరికి వచ్చేసింది. ఏమీ వినపడలేదు.

తలుపు తోసింది. లోపల గడియ. "అత్తమ్మా! అత్తమ్మా!" చంటివాడు ఉలిక్కిపడి ఏడుపు మొదలుపెట్టాడు. పక్కకి కిటికీ దగ్గరికి వెళ్లి దోమల జాలికి ముఖం ఆనించింది. బయటి ఎండలోంచి లోపల ముందు చీకటే కనిపించింది. తర్వాత మంచం. మంచం పక్కన నేల మీద సోమమ్మ.

ఇన్నాళ్ల తర్వాత ఆమె ముఖం తేటగా ఉంది. కిటికీలో కోడల్ని చూసి, చూపుడువేలు పెదాల మీద పెట్టుకుంది.

"ష్, మెల్లగ బిడ్డా. గిప్పుడే పట్టింది నిద్ర. సూడు, నోరు మూసుకుని ఎంత మంచిగ పండుకుందో. గురక గూడ లేదు."

భాను వెల్లకిలా ఉంది. పాత చీర అంచు గడ్డం కిందినుంచి రెండు చెంపల మీదుగా పైకి పోయి, నడినెత్తి మీద ముడి పడి ఉంది. గట్టి ముడి. అలాంటి కట్టు మధులత ఒక్కసారే చూసింది, వేంసూరులో, తండ్రిని వాకిట్లో పడుకోబెట్టిన రోజు.

పిల్ల గొంతు కింద గుంట లోపలికి లాక్కుపోయింది. పక్కటెముకలు గౌను మీదనుంచే తేలాయి. మధులత ఆ ఛాతీ పొంగడం కోసం చూసింది. అది పొంగలేదు. మళ్లీ గుంట లోతుగా లాక్కుపోయింది. గాలి చప్పుడు లేదు.

"విప్పండి! అత్తమ్మా, అది విప్పండి! పిల్లకి ఊపిరి అందట్లేదు!"

సోమమ్మ నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. ఆమె పిల్ల వంక తిరిగింది. ఈసారి ఆమె కూడా చూసింది. "అయ్యో, అయ్యో" అంటూ మంచం మీదికి వంగి తల దగ్గర ముడి పట్టుకుంది.

ముడి రావడం లేదు. సీతారావమ్మ పరుగెత్తుకొచ్చి తలుపుని భుజంతో కొడుతోంది. చంటివాడు చెవి పక్కనే గుక్కపట్టి ఏడుస్తున్నాడు. జాలి లోంచి మధులతకి అత్తగారి చెయ్యి స్పష్టంగా కనపడుతోంది. నాలుగు వేళ్లే ఆ ముడిని పీకుతున్నాయి, జారిపోతున్నాయి, మళ్లీ పీకుతున్నాయి. బొటనవేలు మాత్రం పిల్లకి తగలకుండా దూరంగా, పక్కకి చాచుకుని ఉంది.

మధులత రెండో చేత్తో జాలిని చించుతూ అరిచింది.

"వేలు పెట్టండి అత్తమ్మా! మీ తప్పు లేదు, డాక్టరు చెప్పింది, మీ తప్పేం లేదు... బొటనవేలు పెట్టండి!"